పాత గొట్టం, పొడుగు గుండు

బ్యాడ్జర్ క్రీక్, వయోమింగ్
ఏప్రిల్ నెలాఖరు

అల్మా అక్కా,

ముందే చెబుతున్నాను, జాలిపడుతూ జవాబు రాయకు. ఈ నెలంతా జాలిని మూత పెట్టిన గిన్నెల్లో మా గుమ్మం దాకా తెచ్చి ఇస్తూనే ఉన్నారు. నిన్న నోలా ప్రూయిట్ బంగాళదుంపలూ జున్నూ కలిపి కాల్చినదేదో తెచ్చింది. మొన్న క్లైడ్ పెళ్ళాం చిక్కుడు గింజల పులుసు పంపింది. మనిషి పోయిన ఇంటికి పంపే వంటలన్నీ నేను బతికుండగానే తింటున్నాను. అన్నిట్లోనూ ఉప్పు తక్కువే.

సంగతి ఇది. గొర్రెలు అమ్మేస్తున్నాను. మంద మొత్తం. ఉన్ని కత్తిరింపులు అయిపోగానే గార్త్ లండీన్ తోలుకుపోతాడు. అవును, మన పొరుగు లోవెల్ కొడుకే. వాగు నీళ్ళ దగ్గర నాతో ఇరవై ఏళ్ళు తగాదా పడి, చివరికి నా చేతి మీదే కాఫీ తాగి కన్నుమూసిన ఆ లోవెల్ కొడుకే. బిల్లింగ్స్‌లో నీ పక్క వాటా ఖాళీగా ఉందనీ వచ్చెయ్యమనీ ఎప్పటి నుంచో అంటున్నావు కదా, సంతోషించు. అయితే నీ మాట విని వస్తున్నానని మాత్రం నీ చీట్లపేక స్నేహితురాళ్ళతో చెప్పుకోకు. నీ మాట నేను ఎన్నడూ వినలేదు, ఈ వయసులో ఆ అలవాటు చేసుకోను.

నన్ను గుట్ట మీది నుంచి దింపేశారక్కా.

అది చదివి నువ్వు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటావని తెలుసు. నాన్న తర్వాత ఆ గుట్ట నాది. ఈనే కాలంలో ఆరు ఇళ్ళ గొర్రెలూ ఒకే లోయలోకి దిగుతాయి, గుట్ట మీద ఒకడు తుపాకీతో కూర్చుంటాడు, గొర్రెపిల్లల కోసం ఆ తోడేలు జాతి కాయోటీ వస్తే వాడిదే పూచీ. ఆదివారాలు మిగతావాళ్ళు వంతులు వేసుకుంటారు, మిగతా రోజులు నావి. నాకు పెళ్ళి లేదు, పిల్లలు లేరు, చర్చిలో నాకంటూ బెంచీ లేదు. ఊరి గ్రంథాలయంలో ఉన్న పుస్తకాలన్నీ ఒకసారీ, రోము చరిత్ర రెండుసార్లూ చదివాననే పేరొకటి ఉంది గాని, దాంతో ఇక్కడ ఎవడికీ పని లేదు. నేనెవణ్ణని ఎవరైనా అడిగితే చెప్పుకోవడానికి ఆ గుట్ట ఒక్కటే ఉండేది.

ఇదంతా మా గొర్రెల సంఘం చలికాలం విందులో మొదలైంది. అందరూ భోంచేశాక గార్త్ లేచి గ్లాసు మీద చెంచాతో టంగుటంగుమని కొట్టాడు. కంప్యూటర్‌లో ఏదో చదివి వచ్చినప్పుడల్లా వాడు అలాగే కొడతాడు.

"ఇక నుంచి సంఘమంతా ఒకే తూటా వాడదాం. టూ ట్వంటీ త్రీ. అందరికీ కలిపి తెప్పిద్దాం. అదీ బరువు గుండుతో, అంటే పొడుగుదానితో. మన గాలి సంగతి తెలిసిందేగా, తేలిక గుండు పక్కకి కొట్టుకుపోతుంది."

ఇక చూడు! దేవుడి గురించి కూడా మనవాళ్ళు అంత గట్టిగా వాదించుకోరు. క్లైడ్ తన టూ ఫార్టీ త్రీయే కావాలన్నాడు. "దాంతో కాయోటీని కొడితే తోలు ఎక్కడుంటుంది క్లైడ్? తోక పట్టుకుని ఇంటికెళ్ళాలి," అంది నోలా. సంఘానికి పెద్ద ఆవిడే కాబట్టి అందరూ నవ్వారు. మూల నుంచి ఎవరో టూ టూ టూ మంచిదన్నారు, ఎవరో అది తాతల కాలం నాటిదన్నారు. నేను లేచి, "నా తుపాకీకి ఏం తినిపించాలో నలభై ఏళ్ళుగా నాకు తెలుసు, నాది టూ ట్వంటీ త్రీయే, తేలిక గుండే దానికి అలవాటు, మీరు నేర్పక్కర్లేదు," అన్నాను.

"బాబాయ్, నీకు కొత్తది ఏదైనా నచ్చిన రోజుందా?" అన్నాడు గార్త్. "మొన్న కొత్త ట్రాక్టర్ చూసి కూడా దాని పళ్ళు చూపించమన్నావు."

చేతులెత్తించి లెక్కపెట్టారు. నేను ఓడాను. అప్పుడు నాలో ఉన్న మొండివాడు లేచాడు. సరే, మీ పొడుగు గుండుతోనే మీ అందరికంటే బాగా కొడతాను, చూస్తూ ఉండండి అనుకున్నాను. కంచె గుంజ మీద డబ్బా పెట్టి, దగ్గర నుంచే సంఘం తూటా ఒకటి కాల్చాను. డబ్బా ఎగిరింది. చాలనుకున్నాను.

గొర్రెపిల్లల తోకలు కత్తిరించే రోజున ఆరు ఇళ్ళ జనమూ లోయలోనే ఉన్నారు. పట్టపగలు, వాగు ఒడ్డు వెంట కాయోటీ ఒకటి వచ్చింది, ఈ ఏడు నాకు ఎదురైన మొదటిది. నేను ఎప్పుడూ కొట్టే దూరమే. గాలి కూడా నిద్రపోతోంది. కొట్టాను. అది ఆగి నా వైపు చూసింది, ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు. మళ్ళీ కొట్టాను. కూర్చుని చెవి గోక్కుంది. మూడోసారి కొట్టేసరికి పక్క నుంచి పరిగెత్తుకొస్తున్న నోలా కాపలా కుక్క బిషప్ కుయ్యోమంది. దాని ఎడమ చెవి కొస ఎగిరిపోయింది. కాయోటీకి ఎంత దూరాన ఉందో ఆ కుక్క! అది తెల్ల కుక్క అక్కా, పిల్ల ఏనుగంత ఉంటుంది.

అప్పుడు గార్త్ గొంతు వినపడింది. "బాబాయ్, కాయోటీ అంటే బూడిద రంగుది! తెల్లగా ఉండేది మనదే!"

నవ్వారు. పొట్టలు పట్టుకుని నవ్వారు. నవ్వనిది నోలా ఒక్కతే, అది ఇంకా ఘోరం. నా దగ్గరికొచ్చి మోచెయ్యి పట్టుకుని, "కళ్ళు చూపించుకుంటున్నావా ఆర్వల్?" అంది. ఆ వారంలోనే గుట్ట గార్త్‌కి ఇచ్చేశారు. "నువ్వు విశ్రాంతి తీసుకో," అన్నారు. మర్నాటి నుంచి గిన్నెలు రావడం మొదలైంది.

అసలు గాయం నవ్వు కాదు. నవ్వులు నాకు కొత్త కాదు, చదువుకున్న గొర్రెల కాపరిని చూసి ఈ జిల్లా ఎప్పుడూ నవ్వుతూనే ఉంది. నేను వాళ్ళని నమ్మాను, అదీ గాయం. ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడి, నీ కళ్ళు పోయాయిరా అని నాకు నేనే చెప్పుకున్నాను. మర్నాడే గార్త్‌ని పిలిచి మంద అమ్ముతానన్నాను. ఈ మాట నీకు తప్ప ఎవరికీ రాయను, ఎవరికైనా చెప్పావో, బిల్లింగ్స్ వచ్చి కూడా నీతో మాట్లాడను.

ఇంకా మొత్తంగా గుడ్డివాడు కాని
నీ తమ్ముడు ఆర్వల్


బ్యాడ్జర్ క్రీక్
మే మొదటి వారం

అల్మా అక్కా,

నీ ఉత్తరం అందింది. రెండే రెండు వాక్యాలు. దానికి తపాలా బిళ్ళ దండగ అనుకున్నాను గాని, ఇప్పుడది వంటింటి గోడకి అంటించి ఉంది. "గాడిదా, కళ్ళు డాక్టరుకి చూపించు, తుపాకీ కాగితానికి చూపించు. ఆ తర్వాత ఏడవాలనిపిస్తే ఏడువు."

క్యాస్పర్ పట్నం వెళ్ళాను. డాక్టరు చిన్న వయసామె, నా కళ్ళలోకి దీపం వేసి దొంగని వెతికినట్టు వెతికింది. ఎడమ కంటికి పొర పట్టిందట. కుడి కన్ను నిక్షేపంలా ఉందట.

"తుపాకీ ఏ కంటితో పేలుస్తారు?"

"కుడి కంటితో."

"మరి నా దగ్గరికెందుకొచ్చారు?"

"మా ఊళ్ళో ఒక కుక్కకి చెవి పోయింది," అన్నాను. ఆమె దాన్ని చీటీ మీద రాసుకోలేదు.

దారంతా ట్రక్కులో పాడుకుంటూ వచ్చాను. నేను పాడితే గొర్రెలు మేత మానేస్తాయని నువ్వు అనేదానివి, అదే పాట. ఇంటికి రాగానే ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె ఒకటి చింపి, వాగు గట్టుకి ఆనించి, మధ్యలో బొగ్గుతో చుక్క పెట్టాను. ఈసారి డబ్బా దూరం కాదు, కాయోటీ దూరం. ఇసుక మూట మీద తుపాకీ ఆనించి, సంఘం తూటాలు వరసగా పేల్చి, నడిచివెళ్ళి చూశాను.

అక్కా, సగం గుండ్లు అట్టని తాకనే లేదు. తాకినవి ఒకటి పైమూల, ఒకటి కిందిమూల. ఆ రంధ్రాలు గుండ్రంగా లేవు! పొడుగ్గా ఉన్నాయి. గుండు పక్కకి పడుకుని అట్టలోంచి దూరితే ఎలా ఉంటుందో అచ్చం అలా. ఒకదానికైతే ముందు మొనా వెనక మడమా కూడా తెలుస్తున్నాయి, పాస్‌పోర్ట్‌కి పక్క నుంచి ఫొటో తీయించుకున్నట్టు.

అక్కడే గడ్డిలో కూలబడ్డాను. తర్వాత ట్రక్కు సొరుగులో వెతికితే నా పాత తేలిక తూటాల పెట్టె సగం మిగిలింది కనపడింది. అట్ట పక్కన ఒక కాగితం అంటించి అవి పేల్చాను. అదే తుపాకీ, అదే కన్ను, అదే ముసలాడు. రంధ్రాలన్నీ కాఫీ కప్పు కింద దాక్కునేంత చోట పడ్డాయి, ఒక్కొక్కటీ సూదితో పొడిచినంత గుండ్రంగా.

అప్పుడు ఈ వయసు దాకా చెయ్యని పని చేశాను. శుభ్రం చేసే కడ్డీకి గుడ్డ బిగించి గొట్టంలోకి తోస్తూ, కడ్డీ మీద గీత పెట్టి, అది ఒక పూర్తి చుట్టు తిరగడానికి ఎంత లోపలికి పోతోందో కొలిచాను. లోపలి మెలి, అంటే గుండుని గిర్రున తిప్పే గాడి, ఎంత బిగువో తెలుసుకునే పద్ధతి అది. మన పాత గొట్టాల్లో మెలి సాగదీసినట్టుంటుంది. పొట్టి గుండుకి ఆ తిరుగుడు చాలు. పొడుగు గుండుకి చాలదు. తాడు నీరసంగా లాగితే బొంగరం ఎలా తూలుతుంది? గొట్టం దాటాక అదీ అలాగే తూలి, అడ్డం తిరిగి, దానికి తోచిన చోటికి పోతుంది. డబ్బా దూరంలో ఈ తూలడం తెలియదు. మిగతావాళ్ళ కొత్త తుపాకుల్లో మెలి బిగువు, వాళ్ళకి ఆ తూటా బంగారంలా పనిచేస్తుంది. అందుకే ఎవడికీ అనుమానం రాలేదు. రోము సైన్యం ఎన్ని రకాల ఈటెలు వాడిందో అడుగు, చెబుతాను. నా చేతిలోని గొట్టం సంగతి గ్రంథాలయంలో తుపాకుల పుస్తకం రెండోసారి తెరిస్తే గాని తెలియలేదు.

ఇప్పుడు అసలు మాటకి వస్తున్నాను, ఇది చదివేటప్పుడు కూర్చుని చదువు.

ఈ తుపాకీకి ఒక కవల ఉంది. నీకు గుర్తుందా, నేనూ లోవెల్ ఒకే రోజు ఒకే కొట్లో ఒకే మాదిరివి రెండు కొన్నాం. అప్పట్లో మేమింకా మాట్లాడుకునేవాళ్ళం. ఆ కవల ఇప్పుడు గార్త్ దగ్గరుంది. ఇన్ని కొత్త కబుర్లు చెప్పే మనిషి గుట్ట మీదికి తండ్రి తుపాకీనే మోసుకెళ్తాడు, సెంటిమెంటు! అదే గొట్టం. అదే తూటా.

అంటే వాడు కూడా కొట్టలేకపోతున్నాడు. కొట్టలేడు! గుట్ట వాడి చేతికొచ్చాక గొర్రెపిల్లలు ఒక్కొక్కటీ ఎందుకు పోతున్నాయో ఇప్పుడు అర్థమైంది. "ఆర్వల్ కాలంలో మరిగిన కాయోటీలు, అందుకే బెదరడం లేదు," అని ఊరంతా చెప్పి తిరిగాడు వాడు!

జూన్ విందులో ఈ అట్ట గోడకి వేలాడదీస్తాను. అందరి ముందూ వాణ్ణి పిలిచి, మీ నాన్న తుపాకీ తెచ్చి నాలుగు పేల్చరా అంటాను. ఏం మాట్లాడాలో రాసుకున్నాను, ఇప్పటికే నాలుగు పేజీలైంది. మంద అమ్మనన్న సంగతి వాడికి ఆ తర్వాత చెబుతాను, అందరూ వింటూ ఉండగా.

కుడి కన్ను నిక్షేపంలా ఉన్న
ఆర్వల్


బ్యాడ్జర్ క్రీక్
మే నడిమి

అక్కా,

వద్దని రాశావు. "వాడు లోవెల్ కాదు, లోవెల్ మీది కోపం వాడి మీద దించకు," అన్నావు. చదివాను. వినదలుచుకోలేదు. తర్వాత జరిగింది నీ వల్ల కాదని స్పష్టంగా చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మధ్యాహ్నం కంచె తీగ బిగిస్తుంటే గార్త్ ట్రక్కు వచ్చి ఆగింది. మందని చూసుకోవడానికి వచ్చాడనుకున్నాను. కాఫీ ఇచ్చాను. నా ఉపన్యాసం జేబులోనే ఉంది, ఈ మధ్య దాన్ని వదలడం లేదు. వాడు కప్పుని రెండు చేతులతో పట్టుకుని గుంజకి ఆనుకుని నిలబడ్డాడు. వాడు రెండు చేతులతో పట్టుకోవడం నాకెందుకో నచ్చలేదు.

"బాబాయ్, నేను మంద కొనలేను," అన్నాడు.

"బేరం అయిపోయింది కదరా."

"అయింది. కానీ కొనలేను. నావి కూడా అమ్మేద్దామనుకుంటున్నా."

చివరికి కక్కేశాడు. "ఈ ఏడు గుట్ట మీద ఒక్క కాయోటీని కూడా కొట్టలేదు బాబాయ్. ఒక్కదాన్ని. నీకు గుట్ట ఉన్నప్పుడు కూడా, నా ఆదివారాల్లో కొట్టలేదు. ఎదురుగా నిలబడతాయి, కొడతాను, తప్పుతాను. చెయ్యి కదలడం నాకు తెలీడం లేదు, కానీ కదులుతున్నట్టుంది. నాన్నకి కూడా మొదట్లో తెలియలేదంట."

లోవెల్ ఎలా పోయాడో నీకు తెలుసు. వణుకుడు జబ్బు. చివరి రోజుల్లో కప్పు పెదవుల దాకా వచ్చేది కాదు, నేనే పట్టుకునేవాణ్ణి. ఆ కొడుకు ఇన్నాళ్ళుగా, తనకి కూడా అదే వచ్చిందనుకుని, పెళ్ళానికి కూడా చెప్పకుండా తిరుగుతున్నాడు. డెన్వర్‌లో నరాల డాక్టరుని చూడటానికి రోజు కూడా తీసుకున్నాడు.

అక్కా, నేను మంచివాణ్ణి కాదు. ఆ క్షణాన నాలుక చివర ఉన్న మాట చెప్పకుండా నా కాఫీ పూర్తిగా తాగాను. చల్లారిపోయింది కూడా. కానీ ఆ రుచి ఏ కాఫీకీ రాదు. తర్వాత వాడి చేతుల వైపు చూశాను. రాయిలా ఉన్నాయి. కప్పులో కాఫీ మీద అలైనా లేదు.

"మరి నా మీద అంత నవ్వెందుకు నవ్వావురా?" అన్నాను.

వాడు తల ఎత్తలేదు. "నువ్వు తప్పడం చూసి ప్రాణం లేచొచ్చింది బాబాయ్. అంతవరకు తప్పేది నేనొక్కణ్ణే అనుకున్నా. ఆగలేకపోయా."

"ముసలాడి కళ్ళు పోయాయనేశావు."

"నీ కళ్ళే పోయాయనుకున్నా. ఇద్దరికీ చెరో జబ్బు అనుకున్నా."

"పో. మీ నాన్న తుపాకీ తీసుకురా. అట్టపెట్టె నేను తెస్తాను."

"ఎందుకు?"

"ఎదురు ప్రశ్న వెయ్యకుండా నీ జీవితంలో ఒక్క పని చెయ్యి."

వెళ్ళి తెచ్చాడు. నేను గట్టు దగ్గర కొత్త అట్ట పెట్టి సిద్ధంగా ఉన్నాను. సంఘం తూటాలు పేల్చాడు. ఇద్దరం నడిచివెళ్ళి చూశాం. అవే, పడుకున్న గుండ్ల అచ్చులు. వాడు ఒక రంధ్రంలో చూపుడు వేలు పెట్టి అలాగే నిలబడిపోయాడు. కడ్డీ తెచ్చి వాళ్ళ నాన్న గొట్టం కొలిచి చూపించాను, బొంగరం సంగతి చెప్పాను. నా పెట్టెలో మిగిలిన తేలిక తూటాల్లో కొన్ని ఇచ్చాను. పేల్చాడు. కప్పు కింద దాక్కునేంత చోట.

"మళ్ళీ పేల్చు," అన్నాను. మళ్ళీ పేల్చాడు. అక్కడే.

"ఇప్పుడు చెప్పు, చెయ్యి ఎవడిది వణికేది?"

వాడు తుపాకీ ఇసుక మూట మీద పెట్టి, టోపీ తీసి మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. నలభై ఏళ్ళు దాటిన మనిషి. నేను గొర్రెలు లెక్కపెడుతున్నట్టు అటు తిరిగాను. భుజం తట్టలేదు. అది నువ్వు చేసే పని, నాకు చేతకాదు. ఏడుపు అయ్యాక, "అందరికీ ఒకే తూటా అన్నావే, అందరికీ ఒకే సైజు బూట్లు కూడా తెప్పించు, నడకలు చూద్దాం," అన్నాను. ముక్కు ఎగబీలుస్తూనే నవ్వాడు.

వాణ్ణి క్షమించానని అనుకోకు. విందులో నా అట్ట వేలాడుతుంది. మాట మాటే.

మొండితనం ఏ మాత్రం తగ్గని
ఆర్వల్


బ్యాడ్జర్ క్రీక్
జూన్

అల్మా అక్కా,

విందు అయింది. నేను పరాజయం పాలైన విజేతని. ఎలాగో చెబుతాను.

సభ పేరుతో తినడానికి వచ్చేవాళ్ళందరూ వచ్చారు. వేయించిన మాంసం, ముల్లంగి పచ్చడి, నోలా చేసిన అదే బంగాళదుంపల గిన్నె. పళ్ళాలు ఖాళీ అవుతుండగా నేను లేచి రెండు అట్టలు గోడకి కొట్టాను. అవును, రెండు. గార్త్ అట్ట కూడా నా దగ్గరే ఉండిపోయింది. ఆ రోజు వాడు అడగలేదు, నేను ఇవ్వలేదు. అట్టల పక్కన నా తేలిక గుండ్ల కాగితం కూడా పెట్టాను. కడ్డీ బల్ల మీద పెట్టాను. ఆ నాలుగు పేజీలూ జేబులోంచి తీశాను. తీసి, చదవకుండానే మడిచి మళ్ళీ పెట్టేశాను. అందులో సగం లోవెల్ గురించే, అతను రాడు కదా. ఊరికే నోటితో చెప్పాను. పొడుగు గుండు, సాగిన మెలి, బొంగరం.

క్లైడ్ అట్టల దగ్గరికెళ్ళి ముక్కు ఆనించి చూశాడు. "ఒకటి నీదనుకో. రెండోదెవరిది?"

గార్త్ మూలన పెళ్ళాం పక్కన కూర్చుని పళ్ళెం వైపు చూస్తున్నాడు. మూడు వారాలుగా నేను కలలు కన్న ఘడియ అదే అక్కా. నోరు తెరిచాను.

"రెండూ నావే," అన్నాను.

ఎందుకన్నానో అడగకు. నాకూ చిరాగ్గానే ఉంది. వాడి పెళ్ళానికి ఇంకా ఏమీ తెలియదని గుర్తొచ్చింది, అంతే.

"ఒకటి నాది," అంటూ గార్త్ లేచాడు!

లేచి, అందరి ముందూ, పెళ్ళాం వింటూ ఉండగా, గుట్ట మీద తను ఎన్నిసార్లు తప్పాడో, చెయ్యి పోయిందని ఎలా భయపడ్డాడో, నా కళ్ళ గురించి అన్న మాటలు ఎంత తప్పో, అన్నీ చెప్పేశాడు. జనం కళ్ళు తుడుచుకున్నారు. క్లైడ్ వాణ్ణి కౌగలించుకున్నాడు. నా విజయంలో సగం గార్త్ ఎత్తుకుపోయాడక్కా! నేను కడ్డీతో కొలిచి, క్యాస్పర్ వెళ్ళి, గ్రంథాలయంలో కూర్చుని సంపాదించినది, వాడు లేచి నిలబడి సంపాదించేశాడు. లోవెల్ కూడా వాగు నీళ్ళు ఇలాగే తీసుకునేవాడు, ఎంతో మర్యాదగా.

తర్వాత మళ్ళీ తూటాల వాదన మొదలైంది, ఆనందంగా. "నా టూ ఫార్టీ త్రీ ఇస్తాను, దాంతో కొడితే ఏ గాలీ కదపలేదు," అన్నాడు క్లైడ్. అక్కర్లేదన్నాను. దాని తన్నుకి కన్ను చెదిరి, గుండు ఎక్కడ తగిలిందో పేల్చినవాడే చూడలేడు, ఆ మోతకి పక్కనే ఈనుతున్న గొర్రె లేచి పారిపోతుంది. ఇంకొకాయన మహా వేగంగా పోయే ట్వంటీటూ టూ ఫిఫ్టీ కొనమన్నాడు. నేల ఉడతల్ని కొడుతూ ఒక పూట కూర్చుంటే దాని గొట్టం మీద గుడ్డు వేయించుకోవచ్చు. నా పోట్లాట తూటాతో కాదు, గుండుతో. అదే తుపాకీ, అదే టూ ట్వంటీ త్రీ, పొట్టి గుండు. గాలి ఉంటే, గాలి ఎటుందో చూసుకుని కొట్టాలి, దాని కోసమే కదా దేవుడు మనిషికి కన్నిచ్చాడు. చివరికి సంఘం తీర్మానించింది ఇది: ఎవరి గొట్టం వాళ్ళు కొలుచుకోవాలి, ఎవరి గుండు వాళ్ళు ఎంచుకోవాలి, కాగితం మీద పడ్డాకే గుట్ట ఎక్కాలి. చేతులెత్తించారు. గార్త్ రెండు చేతులూ ఎత్తాడు.

గుట్ట నాకు తిరిగిచ్చారు. "తిరిగి ఇస్తున్నాం" అని నోలా అంటే, "మీదెప్పుడైంది ఇవ్వడానికి?" అన్నాను. "బిషప్ చెవి సంగతేంటి మరి?" అంది. ఆ కుక్క ఆ సగం చెవితో యుద్ధం నుంచి వచ్చిన సేనాపతిలా తిరుగుతోంది, నాకు కృతజ్ఞత చెప్పాలి. ఉత్తరం వాలు నాది, వాగు వైపు వాలు గార్త్‌ది, అలా పంచుకున్నాం. మంద అమ్మడం లేదు. నీ పక్క వాటా ఎవరికైనా ఇచ్చెయ్యి. నువ్వే ఇక్కడికి రా, నీ తుంటి నొప్పిని కూడా తీసుకురా. చిన్నప్పుడు నేల ఉడతల మీద నువ్వు వాడిన నీ హార్నెట్ తుపాకీ నూనె రాసి అటక మీదే ఉంచాను. దూరం కొట్టదు గాని, మాట్లాడుకుంటూ కూర్చోవడానికి బాగుంటుంది.

నిన్న పొద్దున్నే వాగు దాటి ఒకటి వచ్చింది. రెండు వాలులకీ సరిగ్గా మధ్యన, మంచు ఇంకా గడ్డి మీదే ఉంది. నేను పేల్చాను. అదే క్షణాన గార్త్ కూడా పేల్చాడు. రెండు మోతలూ ఒకటిగా వినపడ్డాయి. కాయోటీ నిలబడిన చోటే పడిపోయింది.

"నాదే బాబాయ్!" అని అరిచాడు అవతలి నుంచి.

"నీ మొహం! నాది!" అన్నాను.

ఇద్దరం దిగి వెళ్ళి చూశాం. భుజం వెనక రంధ్రం ఒక్కటే ఉంది. చక్కగా, గుండ్రంగా. ఇద్దరి తూటాలూ నా పెట్టెలోవే కాబట్టి, ఎవరిదో ఆ దేవుడు కూడా చెప్పలేడు. వాడింకా వాదిస్తున్నాడు. వాదించనీ. ఈ ఉత్తరం రాస్తున్నది నేను కాబట్టి, అది నాదే.

గుట్ట మీది నుంచి,
నీ తమ్ముడు
ఆర్వల్ ట్వెట్